అద్దె నంబరు, సొంత నంబరు

విశాఖపట్నం, హైదరాబాద్‌ల మధ్య తిరిగే గోదావరి ఎక్స్‌ప్రెస్ నంబరు ఎంతని అడిగితే రోజూ ఎక్కేవాళ్లు 12727 అని ఠక్కున చెబుతారు. 2010 డిసెంబరు 20కి ముందు అది 2727. ఆ రోజున రైల్వేవాళ్లు దేశంలోని రైళ్ల నంబర్లను నాలుగంకెల నుంచి ఐదంకెలకు మార్చారు. 2020 జూన్‌లో లాక్‌డౌన్ సడలించి కొన్ని రైళ్లను స్పెషల్స్‌గా నడిపినప్పుడు అదే బండి 02727 అయింది. స్పెషల్స్ ఎత్తేశాక మళ్లీ 12727కి వచ్చింది. బండి అదే, దారి అదే, నంబర్లు మాత్రం మూడు.

ప్రయాణికుడికి దీనివల్ల వచ్చిన నష్టం పెద్దగా లేదు. రైలు నంబరునే ఆధారం చేసుకుని సాఫ్ట్‌వేర్ రాసుకున్నవాళ్ల సంగతి వేరు. నాలుగంకెలకు కట్టిన కాలమ్‌లో ఐదో అంకె పట్టదు. పోనీ ఐదుకు పెంచి సంఖ్యగానే దాచుకున్నారనుకుందాం. 02727లో ముందున్న సున్నా రాలిపోయి 2727 మిగులుతుంది. అంటే పదేళ్ల కిందటి రికార్డులూ కొత్త రికార్డులూ ఒకే నంబరు కింద కలిసిపోతాయి. గోదావరి విషయంలో రెండూ ఒకే బండి కాబట్టి సరిపోయింది. సున్నాతో మొదలయ్యే ప్రతి స్పెషల్‌కూ ఆ అదృష్టం ఉండదు.

రిలేషనల్ డేటాబేస్‌లో ప్రతి టేబుల్‌కూ ఒక ప్రైమరీ కీ ఉంటుంది. ఒక రికార్డును మిగతా రికార్డుల నుంచి విడదీసి చూపే విలువ అది. వేరే టేబుల్ ఆ రికార్డును ప్రస్తావించాలంటే ఆ విలువనే కాపీ చేసుకుంటుంది. ఆ కాపీ పేరు ఫారిన్ కీ. ఖాతాదారుడి కీ ఖాతాల టేబుల్‌లో ఉంటుంది, లావాదేవీల టేబుల్‌లో ఉంటుంది, ఫిర్యాదుల టేబుల్‌లోనూ ఉంటుంది. ఒక మనిషి కీ ఐదారు వందల చోట్ల రాసి ఉండటం మామూలే. అందుకే దాన్ని ఒకసారి ఎంచుకున్నాక మార్చడం యాతన.

ఈ ఏర్పాటుకు మూలం ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970 జూన్‌లో ప్రచురించిన పరిశోధన పత్రం. ప్రైమరీ కీ ప్రస్తావన అందులోనే ఉంది. నాకు అంతకన్నా విలువైనదిగా కనిపించేది ఆయనే 1979లో రాసిన మరో పత్రం. బయటివాళ్లు ఇచ్చే నంబర్లను కీలుగా వాడితే వచ్చే మూడు చిక్కులను అందులో చెప్పాడు. మొదటిది, ఆ నంబర్లు మారతాయి. రెండు సంస్థలు కలిసిపోతే ఉద్యోగుల నంబర్లు మార్చక తప్పదు కదా. రెండోది, ఒకే మనిషిని ఒక టేబుల్ ఒక నంబరుతో, ఇంకో టేబుల్ మరో నంబరుతో గుర్తుపెట్టుకుని ఉండొచ్చు. మూడోది, నంబరు ఇంకా చేతికి రాని మనిషి గురించి, నంబరు పోగొట్టుకున్న మనిషి గురించి కూడా రాసుకోవలసి వస్తుంది. దీనికి విరుగుడుగా డేటాబేస్ తనంతట తానే ఇచ్చుకునే, ఏ అర్థమూ లేని కీలను ఆయన ప్రతిపాదించాడు. వాటిని సరోగేట్ కీలు అంటారు.

నా మటుకు నేను వీటిని అద్దె నంబర్లు, సొంత నంబర్లు అని గుర్తుపెట్టుకుంటాను. రైలు నంబరు, ఆధార్, సెల్ నంబరు, బండి నంబరు అన్నీ అద్దెవే. వాటిని ఇచ్చే అధికారం ఇంకొకరిది. వాళ్ల అవసరాన్ని బట్టి మారుస్తారు. మన టేబుళ్లు ఏమవుతాయో అడగరు.

చింతూరు కదల్లేదు, జిల్లా కదిలింది

బ్యాంకు శాఖకు ఉండే ఐఎఫ్ఎస్‌సీ కోడ్ చూడండి. మొత్తం 11 అక్షరాలు. మొదటి నాలుగు బ్యాంకువి, ఐదోది సున్నా, చివరి ఆరు శాఖవి. దేశం మొత్తంలో ఒక కోడ్ ఒక శాఖదే. శాఖల టేబుల్‌కు ఇంతకన్నా మంచి ప్రైమరీ కీ ఏముంటుందనిపిస్తుంది. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ ఎస్‌బీఐలో కలిసింది. దాని కోడ్‌ల ముందున్న ఎస్‌బీహెచ్‌వై పోయి ఎస్‌బీఐఎన్ వచ్చింది. 1923లో పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడ్‌లన్నీ 2021 ఏప్రిల్ 1 నుంచి చెల్లకుండా పోయాయి. శాఖ అదే వీధిలో ఉంది, ఖాతాదారులు వాళ్లే, కౌంటరు దగ్గర క్యూ కూడా అంతే పొడవు.

ఒక శాఖలో 8,000 ఖాతాలున్నాయని, ఒక్కో ఖాతాకు సగటున 500 లావాదేవీలున్నాయని అనుకుందాం. ప్రతి లావాదేవీలో ఐఎఫ్ఎస్‌సీని ఫారిన్ కీగా రాసి ఉంటే ఆ ఒక్క శాఖ కోడ్ మారినందుకు 40 లక్షల రికార్డులు దిద్దాలి. శాఖకు సొంత నంబరు ఇచ్చి, ఐఎఫ్ఎస్‌సీని పక్కన మామూలు కాలమ్‌గా పెట్టుకుంటే దిద్దాల్సింది ఒక్క రికార్డు.

అద్దె నంబర్లలో మరీ ప్రమాదకరమైన రకం ఒకటుంది. అది మనవాళ్లే కష్టపడి తయారు చేసుకునేది. జిల్లాకు రెండంకెలు, మండలానికి రెండంకెలు, ఊరికి మూడంకెలు, ఆ తర్వాత వరుస సంఖ్య. నంబరు చూడగానే మనిషి ఎక్కడివాడో చెప్పేయొచ్చని మురిసిపోతారు. తెలంగాణలో 2016 అక్టోబరు 11కి ముందు 10 జిల్లాలుండేవి. ఆ రోజుతో 31 అయ్యాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట చేరి 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. వీటన్నిటికన్నా నాకు చింతూరు మండలం మంచి ఉదాహరణ. 2014కు ముందు ఖమ్మం జిల్లాలో ఉండేది. రాష్ట్ర విభజన వేళ పోలవరం ముంపు మండలాలతో పాటు తూర్పుగోదావరికి వెళ్లింది. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది. ఎనిమిదేళ్లలో మూడు జిల్లాలు. అక్కడి రైతు ఇల్లు మారలేదు, పొలం మారలేదు. జిల్లా కోడ్‌తో మొదలయ్యే కీ ఇచ్చి ఉంటే మాత్రం ఆ మనిషి మూడుసార్లు కొత్తగా పుట్టాడు.

బండి నంబర్లదీ ఇదే కథ. తెలంగాణ ఏర్పడ్డాక ఏపీ బదులు టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుంచి జిల్లాకో కోడ్ తీసేసి రాష్ట్రమంతటికీ ఏపీ 39 పెట్టారు. పాత బండ్లు పాత నంబర్లతోనే తిరుగుతున్నాయి. మొదటి రెండు అక్షరాలు చూసి బండి ఏ రాష్ట్రానిదో లెక్కగట్టే రిపోర్టు ఏదైనా సరే హైదరాబాద్ ట్రాఫిక్ సిగ్నల్ దగ్గరే తప్పుతుంది.

పాన్ కార్డు పది అక్షరాల్లో కూడా అర్థం దాగి ఉంది. నాలుగో అక్షరం పీ అయితే వ్యక్తి, సీ అయితే కంపెనీ. వ్యక్తులకైతే ఐదో అక్షరం ఇంటిపేరులో మొదటిది. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న అమ్మాయి పాన్‌లో ఐదో అక్షరం మాత్రం పుట్టింటిదే ఉంటుంది. నంబరు మార్చకుండా ఉంచడం సరైన నిర్ణయమే. నంబరులో ఇంటిపేరును ఇరికించడమే అనవసరం.

ఆధార్‌ను కీగా పెట్టుకోవచ్చా?

చిన్న ఆఫీసుల సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడితే ఎక్కువగా ఎదురయ్యే ప్రశ్న ఇది. ఆధార్‌ను రూపొందించినవాళ్లు తమ వరకు పని చక్కగా చేశారు. 12 అంకెలు. సున్నాతో గానీ ఒకటితో గానీ మొదలు కాదు. చివరిది తప్పులు పట్టే అంకె. కాబట్టి నిజంగా వాడుకోగల నంబర్లు 8 తర్వాత పది సున్నాలు, అంటే 8,000 కోట్లు. ఊరు, పుట్టిన ఏడాది, కులం, మతం ఏదీ నంబరులో లేదు. పూర్తిగా యాదృచ్ఛికం. ఆధార్ సంస్థకు అది మచ్చలేని సొంత నంబరు. మీ ఆసుపత్రికో, కాలేజీకో అది అద్దె నంబరే.

కాడ్ చెప్పిన మూడో చిక్కు ఇక్కడ కళ్లకు కడుతుంది. ఆసుపత్రిలో రాత్రి పుట్టిన బిడ్డకు తెల్లవారేసరికి ఇచ్చిన టీకా రాయాలి, బరువు రాయాలి. ఆధార్ లేదు. రోడ్డు ప్రమాదంలో స్పృహ తప్పి వచ్చిన మనిషి జేబులో ఏ కార్డూ ఉండకపోవచ్చు. ప్రైమరీ కీ ఖాళీగా ఉండకూడదన్నది డేటాబేస్ నియమం. అప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లు ఏం చేస్తారు? పన్నెండు తొమ్మిదులు కొడతారు. రెండో బిడ్డకు అది ఒప్పుకోదు, పన్నెండు ఎనిమిదులు కొడతారు.

ఇక చట్టం. 2018 సెప్టెంబరు 26న ఇచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ప్రైవేటు సంస్థలు ఆధార్ అడిగేందుకు వీలిచ్చిన ఆధార్ చట్టం సెక్షన్ 57ను ఆ మేరకు కొట్టేసింది. అంతకు ముందే, 2017 జులైలో, ఆధార్ సంస్థ ఒక సర్క్యులర్ ఇచ్చింది. ఆధార్ నంబర్లు దాచుకునే సంస్థలు వాటిని విడిగా ఒక వాల్ట్‌లో పెట్టి, మిగతా టేబుళ్లన్నిటిలో దాని బదులు రిఫరెన్స్ కీ మాత్రమే వాడాలంది. 1979లో కాడ్ సలహాగా చెప్పినది మన దేశంలో ఆ సర్క్యులర్‌తో నిబంధన అయింది. ఆధార్‌ను ప్రైమరీ కీ చేస్తే జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆ నంబరు ప్రతి టేబుల్‌లోకీ, ప్రతి బ్యాకప్‌లోకీ, ప్రతి రిపోర్టులోకీ పాకుతుంది.

సెల్ నంబరు ఇంకా బలహీనం. వాడకంలో లేక రద్దయిన నంబరును కనీసం 90 రోజుల దాకా ఇంకొకరికి ఇవ్వరని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2023లో సుప్రీంకోర్టుకు తెలిపింది. అంటే ఆ తర్వాత ఇవ్వొచ్చు. 91వ రోజున సిమ్ కొన్న కుర్రాడు మీ యాప్‌లోకి ఆ నంబరుతో వస్తే, పాత మనిషి ఆర్డర్లు, చిరునామా అతనికి కనిపిస్తాయి. పైగా ఒక ఇంట్లో అమ్మకూ నాన్నకూ బామ్మకూ కలిపి ఒకే నంబరు ఇచ్చే కుటుంబాలు మన ఊళ్లలో బోలెడు.

ఒక నంబరును ఒక్కరికే ఇచ్చారంటే ఒక్కరే వాడతారని కూడా కాదు. దీనికి అమెరికాలో ఒక వింత ఉదాహరణ ఉంది. 1938లో ఒక పర్సుల కంపెనీ, సోషల్ సెక్యూరిటీ కార్డు పర్సులో ఎలా ఇముడుతుందో చూపడానికి ఒక నమూనా కార్డు లోపల పెట్టి అమ్మింది. దాని మీద తమ ఉద్యోగిని అసలు నంబరు అచ్చేశారు: 078-05-1120. కొన్నవాళ్లు అది తమ నంబరే అనుకున్నారు. 1943లో 5,755 మంది ఆ నంబరు వాడుతున్నట్టు తేలింది. మొత్తమ్మీద 40,000 మందికి పైగా దాన్ని తమదని రాశారు.

సొంత నంబరు చేసే మోసం

ఇంత చెప్పాక ప్రతి టేబుల్‌కూ 1, 2, 3 అని వరుస నంబరు తగిలించేసి చేతులు దులుపుకుంటే ఇంకో గోతిలో పడతాం. ఆసుపత్రి ఓపీ కౌంటరుకు వెంకటలక్ష్మి గారు వచ్చారు. నంబరు 1041. మూడు నెలలకు చీటీ పోగొట్టుకుని మళ్లీ వచ్చారు, ఈసారి కె. వెంకట లక్ష్మి, నంబరు 2216. ఏడాదికి వాళ్లబ్బాయి తీసుకొచ్చి కొల్లి వెంకటలక్ష్మి అని రాయించాడు, నంబరు 3902. డేటాబేస్ దృష్టిలో ఏ తప్పూ లేదు. మూడు కీలు మూడు రకాలు. ఆవిడకు పెన్సిలిన్ పడదన్న సంగతి 1041 కింద ఉంది, డాక్టరుగారు చూస్తున్నది 3902.

సొంత కీ రెండు రికార్డులను విడదీస్తుంది, రెండు రికార్డులు ఒకే మనిషివని చెప్పదు. అందుకని అద్దె నంబర్లను పారేయకూడదు. వాటిని ప్రైమరీ కీ పదవి నుంచి దింపి, పక్క కాలమ్‌లో యూనిక్ నిబంధనతో ఉంచాలి. శాఖల టేబుల్‌లో ఐఎఫ్ఎస్‌సీ యూనిక్, బండ్ల టేబుల్‌లో ఛాసిస్ నంబరు యూనిక్. ఖాళీగా ఉండొచ్చు, ఉంటే మాత్రం రెండుసార్లు రాకూడదు. మనుషుల టేబుల్‌కు అంత నమ్మకమైన కాలమ్ దొరకదు. అక్కడ కొత్త రికార్డు తెరిచే ముందు పేరు, వయసు, ఊరు, ఫోను కలిపి వెతికించే తెర ఉండి తీరాలి. డేటాబేస్ చేయలేని ఈ పని కౌంటరులో కూర్చున్న మనిషి చేయాలి.

ఇక్కడే బిల్లు నంబరు సంగతి కూడా చెప్పాలి. జీఎస్‌టీ నిబంధన 46 ప్రకారం ఇన్‌వాయిస్‌కు 16 అక్షరాలు మించని వరుస నంబరు ఉండాలి, అది ఆ ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదు. ఏప్రిల్ 1న మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టుకోవచ్చు. కాబట్టి అది ఒక్కటే ప్రైమరీ కీకి చాలదు. పోనీ డేటాబేస్ ఇచ్చే వరుస నంబరునే బిల్లు నంబరు చేద్దామా అంటే, అందులో ఖాళీలు వస్తాయి. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్ వంటి డేటాబేస్‌లలో మధ్యలో ఆగిపోయి వెనక్కి తీసుకున్న లావాదేవీ కూడా ఒక నంబరు మింగేస్తుంది. 1045 తర్వాత 1047 వస్తే 1046 ఏదని ఆడిటర్ అడుగుతాడు. రెండు నంబర్లు రెండు పనులకు, వాటిని కలపకండి.

214 కోట్ల 74 లక్షల 83 వేల 647

సొంత నంబరు ఎంత పెద్దదిగా ఉండాలి? డేటాబేస్‌లలో మామూలుగా వాడే ఇంట్ రకం 32 బిట్లు, అంటే 4 బైట్లు. రుణ సంఖ్యలకు సగం పోగా మిగిలే గరిష్ఠ సంఖ్య పైన రాసినది. చూడటానికి అక్షయపాత్రలా ఉంటుంది. సెకనుకు ఒక రికార్డు చొప్పున రాస్తే 68 ఏళ్లు వస్తుంది. సెకనుకు పది అయితే ఏడేళ్లకు కొంచెం తక్కువ. సెకనుకు వంద అయితే 248 రోజులు.

మనకు తెలిసిన లెక్కలో చూద్దాం. 2025 ఆగస్టులో యూపీఐ లావాదేవీలు మొదటిసారి నెలకు 2,000 కోట్లు దాటాయి. రోజుకు సుమారు 64.5 కోట్లు. వాటన్నిటినీ ఒక ఇంట్ కాలమ్‌తో ఒకటి నుంచి నంబరు వేయడం మొదలుపెడితే మూడు రోజుల ఎనిమిది గంటలకు నంబర్లు అయిపోతాయి. అలా ఎవరూ వేయరనుకోండి, కొలత కోసం చెప్పాను.

అయిపోతే ఏమవుతుందో బేస్‌క్యాంప్ అనే అమెరికన్ కంపెనీ బహిరంగంగానే చెప్పుకుంది. 2018 నవంబరు 8న వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో జరిగే ప్రతి పనినీ నమోదు చేసే టేబుల్ ఈ సంఖ్యను తాకింది. దాదాపు ఐదు గంటలపాటు ఖాతాదారులు పాతవి చదువుకోగలిగారే గానీ కొత్తగా ఏమీ రాయలేకపోయారు. చిత్రమేమిటంటే, వాళ్ల దగ్గరే పుట్టిన రైల్స్ అనే ఫ్రేమ్‌వర్క్ అంతకు ముందు ఏడాదే, 2017లో, కొత్త టేబుళ్లన్నిటికీ పెద్ద సంఖ్యను అలవాటుగా చేసింది. పాత టేబుల్‌ను మార్చడం మిగిలిపోయింది.

ఆ పెద్ద సంఖ్య బిగ్‌ఇంట్, 64 బిట్లు, 8 బైట్లు. గరిష్ఠం 9 తర్వాత పద్దెనిమిది అంకెలు, మన లెక్కలో 92 వేల కోట్ల కోట్లకు పైమాటే. ఇందాకటి యూపీఐ వేగంతో వాడితే 3.9 కోట్ల ఏళ్లు వస్తుంది. దీనికి అదనంగా కట్టే మూల్యం రికార్డుకు 4 బైట్లు. 10 కోట్ల రికార్డులకు 400 ఎంబీ. ఫోనులో రెండు గంటల సినిమా అంతకన్నా ఎక్కువ చోటు తింటుంది. కొత్త టేబుల్‌కు ఇంట్ పెట్టడానికి ఈ రోజుల్లో నాకు ఒక్క కారణమూ కనపడదు.

పాత టేబుల్ ఉన్నవాళ్లు చూడాల్సింది రికార్డుల సంఖ్య కాదు, కౌంటరు ఎక్కడిదాకా వచ్చిందన్నది. తుడిచేసినవి, మధ్యలో ఆగినవి కూడా నంబర్లు ఖర్చు చేశాయి. 50 కోట్ల రికార్డులే ఉన్న టేబుల్‌లో కౌంటరు 200 కోట్ల దగ్గర ఉండొచ్చు. ప్రైమరీ కీని పెద్దది చేసి, దాన్ని కాపీ చేసుకున్న ఫారిన్ కీలను ఇంట్‌గానే వదిలేయడం ఇంకో పొరపాటు. అప్పుడు ప్రమాదం తప్పలేదు, పక్క టేబుల్‌కు వాయిదా పడిందంతే.

ఇద్దరు ఒకేసారి ఒకటి అంటే

వరుస నంబరుకు ఒక షరతుంది. లెక్కపెట్టేవాడు ఒక్కడే ఉండాలి. ఏజెన్సీ గ్రామాల్లో సిగ్నల్ లేని చోట ఇరవై మంది ఆరోగ్య కార్యకర్తలు ఇరవై ట్యాబ్‌లలో రికార్డులు తెరిస్తే, ప్రతి ట్యాబ్ 1 నుంచి మొదలుపెడుతుంది. సాయంత్రం మండల కేంద్రానికి వచ్చి కలిపితే ఒకటో నంబరే ఇరవై సార్లు ఉంటుంది. కేంద్రాన్ని అడగకుండానే ఎవరికీ రాని నంబరు కావాలి. యాదృచ్ఛికంగా ఎంచుకుంటే సరి అనిపిస్తుంది. ఎంత పెద్ద సంఖ్య నుంచి అన్నదే ప్రశ్న.

ఒక గదిలో 23 మంది ఉంటే ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం సగం దాటుతుందన్నది పాత లెక్క. 365 రోజులున్నా 23 మందికే ఆ స్థితి వస్తుంది. సూత్రం తేలిక: మొత్తం నంబర్ల వర్గమూలాన్ని 1.18తో గుణిస్తే, ఢీకొనే అవకాశం సగానికి చేరే చోటు తెలుస్తుంది. ఆరంకెల నంబర్లు 10 లక్షలు. దాని వర్గమూలం 1,000. అంటే 1,180 రికార్డులకే ప్రమాదం సగం. 32 బిట్ల యాదృచ్ఛిక సంఖ్యకు 77 వేలు. ఆధార్‌కు ఉన్న 8,000 కోట్ల నంబర్ల నుంచి కూడా, ముందే ఇచ్చిందో లేదో చూసుకోకుండా తీస్తూ పోతే 3.3 లక్షల మంది దగ్గరే ఇద్దరికి ఒకటే వచ్చే అవకాశం సగం. 130 కోట్ల మందికి పైగా ఇచ్చారంటే ప్రతిసారీ సరిచూసుకునే ఒక కేంద్రం ఉండబట్టే సాధ్యమైంది.

కేంద్రం లేకుండా నడవాలంటే యూయూఐడీ అనే పెద్ద నంబరు కావాలి. 128 బిట్లు, అందులో నాలుగో రకానికి 122 బిట్లు పూర్తిగా యాదృచ్ఛికం. సగం ప్రమాదం దగ్గరికి చేరాలంటే సెకనుకు 100 కోట్ల చొప్పున 86 ఏళ్లు తయారు చేయాలి. ఢీకొంటాయన్న దిగులు మానేయొచ్చు. ఖర్చు వేరే చోట ఉంది.

అక్షరాలుగా రాస్తే యూయూఐడీ 36 అక్షరాలు, బైట్లుగా దాస్తే 16. మైఎస్‌క్యూఎల్ రికార్డులు దాచడానికి మామూలుగా వాడే ఇన్నోడీబీ, త్వరగా వెతకడానికి పెట్టుకునే ప్రతి అదనపు ఇండెక్స్‌లోనూ ప్రైమరీ కీని కాపీ చేసుకుంటుంది. 10 కోట్ల రికార్డులు, ఐదు ఇండెక్స్‌లు ఉన్న టేబుల్‌లో కీ ఆరు చోట్ల ఉంటుంది. బిగ్‌ఇంట్ అయితే కీలకే 4.8 జీబీ, 16 బైట్ల యూయూఐడీ అయితే 9.6 జీబీ, 36 అక్షరాలుగా దాస్తే 21.6 జీబీ. చాలా ప్రాజెక్టుల్లో తెలియక చేసేది మూడోదే.

రెండో ఖర్చు కంటికి కనపడదు. ఇన్నోడీబీ రికార్డులను కీ వరుసలో 16 కేబీ పేజీల్లో సర్దుతుంది. కీ పెరుగుతూ పోతే కొత్తవన్నీ చివరి పేజీలో చేరతాయి. పేజీ 16లో 15 వంతులు నిండుతుంది. యాదృచ్ఛికంగా వస్తే ఏ పేజీలోనైనా దూరాలి. చోటు లేకపోతే పేజీని రెండుగా చీల్చాలి. అప్పుడు పేజీలు సగం నుంచి 15 వంతుల దాకా ఎంతైనా నిండి ఉండొచ్చు. 200 బైట్ల రికార్డులు 10 కోట్లుంటే, మొదటి పద్ధతిలో సుమారు 13 లక్షల పేజీలు, 21 జీబీ. రెండో పద్ధతిలో సగటున మూడింట రెండు వంతులు నిండాయనుకుంటే 18 లక్షల పేజీలు, 30 జీబీ. మెమరీలో పట్టే టేబుల్‌కు ఇది పెద్ద తేడా కాదు. పట్టని టేబుల్‌కు ప్రతి రాత అడ్డదిడ్డంగా డిస్కు చుట్టూ తిరుగుతుంది.

2010లో ట్విట్టర్ దీనికి మధ్యేమార్గం కనిపెట్టింది. స్నోఫ్లేక్ అనే ఆ పద్ధతిలో 64 బిట్లలోనే 41 బిట్లు కాలానికి, 10 యంత్రానికి, 12 వరుసకు. ఒక్కో యంత్రం మిల్లీసెకనుకు 4,096 నంబర్లు ఇవ్వగలదు. కాలానికిచ్చిన బిట్లు 69 ఏళ్లు వస్తాయి. యూయూఐడీలకు అదే ఊహ ఆలస్యంగా వచ్చింది. 2024 మేలో వెలువడిన ప్రమాణంలో ఏడో రకం చేరింది. ముందు 48 బిట్లు మిల్లీసెకన్ల కాలం, తర్వాత యాదృచ్ఛికం. ఎక్కడివాళ్లు అక్కడే తయారు చేసుకోవచ్చు, పేజీల్లోనూ వరుసగానే సర్దుకుంటాయి. కొత్తగా యూయూఐడీలు మొదలుపెట్టేవాళ్లు నాలుగో రకం వదిలి దీన్ని తీసుకోవడమే మేలు. ఒక్క సంగతి మరువకూడదు, కీ చూసినవాళ్లకు రికార్డు ఎప్పుడు పుట్టిందో తెలిసిపోతుంది.

నంబరు బయటికి పొక్కే రహస్యం

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ నెలకు ఎన్ని ట్యాంకులు తయారు చేస్తోందో మిత్రపక్షాలకు తెలియాలి. గూఢచారుల అంచనా 1942 ఆగస్టుకు 1,550. గణాంకవేత్తలు గూఢచారులను వదిలేసి, పట్టుబడ్డ ట్యాంకుల భాగాల మీది వరుస నంబర్లు తీసుకున్నారు. దొరికినవాటిలో పెద్ద నంబరుకు, దాన్ని దొరికిన సంఖ్యతో భాగించి వచ్చింది కలిపి, ఒకటి తీసేస్తే మొత్తం ఎన్నో తెలుస్తుందన్నది వాళ్ల పద్ధతి సారం. వాళ్ల అంచనా 327. యుద్ధం ముగిశాక జర్మన్ రికార్డుల్లో తేలింది 342.

మీ పచ్చళ్ల వ్యాపారానికీ ఇదే వర్తిస్తుంది. పోటీదారు సోమవారం ఒక సీసా ఆర్డరు చేస్తాడు, లింకులో నంబరు 14,210. పై సోమవారం ఇంకో సీసా, నంబరు 15,050. వారానికి 840 ఆర్డర్లు. రెండు సీసాల ఖర్చుతో మీ అమ్మకాల లెక్క అతని చేతిలో ఉంది.

నష్టం అక్కడితో ఆగకపోవచ్చు. అమెరికాలో ఫస్ట్ అమెరికన్ అనే ఆస్తి పత్రాల సంస్థ వెబ్‌సైట్లో పత్రం లింకు చివర ఉన్న నంబరును ఒకటి మార్చితే ఇంకొకరి పత్రం తెరుచుకునేదని 2019 మేలో బయటపడింది. అలా అందుబాటులో ఉన్నవి సుమారు 88.5 కోట్ల ఫైళ్లు. ఇక్కడ అసలు లోపం వరుస నంబరుది కాదు, పత్రం అడిగినవాడికి దాన్ని చూసే హక్కుందో లేదో చూడకపోవడం. యాదృచ్ఛిక నంబరు పెడితే ఆ తనిఖీ అక్కర్లేదనుకునేవాళ్లున్నారు. ఊహించలేని లింకు కూడా వాట్సాప్‌లో ఒకసారి ఫార్వర్డ్ అయితే అందరిదీ అవుతుంది.

నేనైతే రెండూ పెడతాను. లోపల టేబుళ్ల మధ్య బిగ్‌ఇంట్, బయటి లింకుల్లో, చీటీల్లో వేరే యాదృచ్ఛిక నంబరు. ఒక కాలమ్, ఒక ఇండెక్స్ అదనం. ఇరవై మంది ఉద్యోగులు తప్ప బయటివాళ్లెవరూ చూడని స్టాకు రిజిస్టరుకైతే ఈ హంగామా దండగ.

చేత్తో కొట్టేది, ఎక్సెల్‌లోకి వెళ్లేది

మనిషి చూసి టైపు చేసే నంబరుకు తప్పు పట్టే అంకె ఒకటి ఉండాలి. 48213 కొట్టబోయి 48231 కొడితే, వరుస నంబర్లలో రెండూ ఉంటాయి కాబట్టి కంప్యూటర్ మారుమాట్లాడకుండా వేరే మనిషి రికార్డు తెరుస్తుంది. బ్యాంకు కార్డులకూ సెల్‌ఫోన్ ఐఎంఈఐకీ వాడే లూన్ పద్ధతి ఒక్క అంకె తప్పును ఎప్పుడూ పట్టేస్తుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే దాదాపు అన్నిటినీ పడుతుంది, 09ని 90గా కొడితే మాత్రం పట్టలేదు. ఆధార్ వాడే పద్ధతి డచ్ గణితవేత్త వెర్‌హోఫ్ 1969లో ఇచ్చినది. అది ఈ రెండు రకాల తప్పుల్లో ఒక్కదాన్నీ వదలదు.

ఇక ప్రతి డేటాబేస్ నుంచీ ఏదో ఒక రోజు ఎక్సెల్ షీటు బయటికి వెళ్తుంది. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే గుర్తుపెట్టుకుంటుంది. 16 అంకెల ఆధార్ వర్చువల్ ఐడీని సంఖ్యగా అతికిస్తే చివరి అంకె సున్నా అవుతుంది. షీటును మళ్లీ డేటాబేస్‌లోకి ఎక్కిస్తే అసలు నంబరు పోయినట్టే. బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్‌దీ ఇదే తంతు. దాని మామూలు సంఖ్య 9,007,199,254,740,991 దాటితే చివరి అంకెలను నమ్మడానికి లేదు, బిగ్‌ఇంట్ దానికి వెయ్యి రెట్లు పెద్దది. స్నోఫ్లేక్ నంబర్లు ఆ హద్దు దాటుతాయని తెలిసి ట్విట్టర్ ప్రతి ట్వీట్ నంబరునూ రెండుసార్లు పంపేది, ఒకసారి సంఖ్యగా, ఒకసారి కొటేషన్ల మధ్య అక్షరాలుగా. కూడికా తీసివేతా చేయని నంబరు మీ సర్వర్ దాటి వెళ్లేటప్పుడు అక్షరాల రూపంలోనే వెళ్లాలి. ఎక్సెల్‌లోనైతే అతికించే ముందే ఆ కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చుకోవాలి, అతికించాక మార్చితే పోయిన అంకె తిరిగి రాదు.